ఈ మరణాలు ఎవరి ఖాతాలోకి?

మత్తుమందు మోతాదు మించి ఒక మనిషి చనిపోయాడని వింటే మన నోట సాధారణంగా వెలువడే మాట ఒక్కటే: "చేసుకున్నవాడికి చేసుకున్నంత." మింగమని ఎవరు చెప్పారు? పీల్చమని ఎవరు బలవంతపెట్టారు? తన చేతులారా తెచ్చుకున్న చావుకు ఇతరులెలా బాధ్యులవుతారు?

పైకి చూస్తే ఇది న్యాయమైన మాటే. మనిషికి విచక్షణ ఉంది. మంచిచెడ్డలలో ఒకదాన్ని ఎంచుకునే స్వేచ్ఛ ఉంది. ఆ స్వేచ్ఛ ఉన్నందువల్లనే ప్రళయదినాన ప్రతి వ్యక్తీ తన కర్మలకు తానే సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది. అక్కడ ఒకరి బదులు మరొకరు నిలబడే వీలు లేదు.

కాని ఆ ఒక్క మాటతో విషయం ముగిసిపోతుందా? ముగియదని చెప్పే సాక్ష్యం ఒకటి మన కళ్ల ముందుంది. అది ఒక దేశపటం. అమెరికాలో ఏ ఏడాది, ఏ ప్రాంతంలో, ఎందరు మత్తుమందుల వల్ల మరణించారో చూపే పటం. పాతికేళ్ల పటాలను వరుసగా పక్కపక్కన పెట్టి చూడండి. "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అనే తీర్పు ఎంత తొందరపాటుదో అర్థమవుతుంది.

పటం ఏమంటోంది?

1999లో అమెరికాలో ఈ విధంగా మరణించినవారు 16,849 మంది. 2017 నాటికి ఆ సంఖ్య 70,237కు పెరిగింది. 2022లో ఏకంగా 1,07,941కి చేరుకుంది. ఆ తర్వాత తగ్గుముఖం పట్టి 2024లో సుమారు 80 వేలకు దిగింది. జనాభాతో పోల్చి చెప్పాలంటే, 1999లో ప్రతి లక్షమందిలో ఆరుగురు. 2022లో దాదాపు 33 మంది! వీటిలో అత్యధికం ఆత్మహత్యలు కావు, హత్యలు కావు. అనుకోకుండా సంభవించిన మరణాలు.

ఈ మరణాలు దేశమంతటా సమంగా సంభవించలేదు. ఒకే చోట నిలిచి ఉండనూ లేదు. 1999లో పల్లె ప్రాంతాలకన్నా పట్టణ ప్రాంతాల్లోనే మరణాల రేటు ఎక్కువ. ఆ తర్వాత పరిస్థితి తారుమారయింది. నొప్పి తగ్గించే బలమైన నల్లమందు జాతి మాత్రలు డాక్టర్ల చీటీలపై విచ్చలవిడిగా పంపిణీ అయ్యాయి. వెస్ట్ వర్జీనియా, తూర్పు కెంటకీ వంటి కొండప్రాంతాల్లో, బొగ్గు గనుల్లో నడుములు విరిగేలా శ్రమించే కార్మికుల ఊళ్లలో చావులు పెరిగాయి. 2007 నుంచి 2015 వరకు పల్లెల రేటు పట్టణాల రేటును మించిపోయింది.

2010 తర్వాత హెరాయిన్ వంతు వచ్చింది. 2013 తర్వాత అంతకన్నా ఎన్నో రెట్లు బలమైన ఫెంటానిల్ దొంగచాటుగా తయారై దిగింది. అది ముందుగా ఒహాయో, న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్ వంటి తూర్పు రాష్ట్రాలను కబళించింది. ఎందుకంటే తూర్పున అమ్ముడయ్యే హెరాయిన్ తెల్లని పొడి. అందులో ఫెంటానిల్ పొడిని సులువుగా కలిపేయవచ్చు. పశ్చిమాన దొరికేది తారులాంటి నల్లని ముద్ద. అందులో కలపడం కష్టం. ఈ తేడా పశ్చిమ రాష్ట్రాలకు కొన్నేళ్ల గడువు ఇచ్చింది. ఆ గడువూ తీరిపోయింది. 2023లో దేశం మొత్తంమీద మరణాలు కొంత తగ్గినా, అలాస్కా, వాషింగ్టన్, ఓరెగన్ రాష్ట్రాలలో ప్రాథమిక లెక్కల ప్రకారం 27 శాతానికి పైగా పెరిగాయి. ఒక్క శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోనే ఆ ఏడాది 800 మందికి పైగా మరణించారు.

మొదట్లో ఇది తెల్లజాతి పేదల సమస్య అన్నారు. 2020 నాటికి నల్లజాతి వారి మరణాల రేటు తెల్లజాతి వారి రేటును దాటింది. అందరికన్నా ఎక్కువగా నష్టపోయినవారు ఆ నేల అసలు వారసులైన ఆదివాసులు.

ఇప్పుడు ఆలోచించండి! వెస్ట్ వర్జీనియా ప్రజలు 2000 తర్వాత ఉన్నట్టుండి దుర్మార్గులైపోయారా? అంతకుముందు వాళ్లంతా నిగ్రహపరులా? ఓరెగన్ ప్రజల మనోబలం సరిగ్గా 2023లోనే సడలిపోయిందా? హెరాయిన్ పొడి రూపంలో అమ్ముడయ్యే చోట పాపులు, ముద్ద రూపంలో అమ్ముడయ్యే చోట పుణ్యాత్ములు పుట్టారా? అలా అనడానికి బుద్ధి ఒప్పుకోదు. మనిషి బలహీనత అన్నిచోట్లా ఒకటే. అది ఏటికేడు ఊరు మారదు. ఊళ్లు మారింది సరుకు.

పేదరికం, ఉపాధి కోల్పోవడం, నిరాశ కారణాలు కావా అని మీరడగవచ్చు. కారణాలే. ఆన్ కేస్, ఆంగస్ డీటన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ చావులను నిరాశ తెచ్చిన చావులుగా వర్ణించి, 2020లో ఒక గ్రంథమే రాశారు. అయితే క్రిస్టఫర్ రూమ్ అనే మరో ఆర్థికవేత్త 1999 నుంచి 2015 వరకు ఒక్కొక్క కౌంటీ లెక్కలు పరిశీలించాడు. ఆర్థిక పతనం ఈ పెరుగుదలలో కొద్ది భాగాన్నే వివరిస్తుందని, ఏ మందు ఎంత సులువుగా దొరికిందన్నదే ప్రధానమని ఆయన తేల్చాడు. నిరాశ ఎండుగడ్డి వంటిదైతే, నిప్పు వేరెవరో తెచ్చి పెట్టారన్నమాట.

మూడు ప్రతుల కాగితం

ఆ నిప్పు తెచ్చినవారి గురించి చెప్పే ఉదంతం ఒకటుంది. 1996లో పర్డ్యూ ఫార్మా అనే కంపెనీ ఆక్సికాంటిన్ అనే నొప్పి మాత్రను అమెరికా మార్కెట్లోకి దించింది. ఆనాడు కాలిఫోర్నియా, ఇదాహో, ఇల్లినాయ్, న్యూయార్క్, టెక్సాస్ - ఈ ఐదు రాష్ట్రాల్లో ఒక నియమం ఉండేది. ఇలాంటి బలమైన మాత్ర రాయాలంటే డాక్టరు ప్రభుత్వం ఇచ్చిన ప్రత్యేక కాగితంపై మూడు ప్రతులు రాయాలి. ఒకటి డాక్టరు దగ్గర, ఒకటి మందుల షాపులో ఉంటుంది. మూడోది ప్రభుత్వానికి చేరుతుంది.

అంతే! నిషేధం లేదు, జైలు లేదు. రోగికి నిజంగా అవసరమైతే మాత్ర రాయకుండా ఎవరూ ఆపలేదు. ఆ చిన్న కాగితానికే కంపెనీ జంకింది. డాక్టర్లు ఈ బాదరబందీ పడలేక తమ మందు రాయరేమోనని అది భయపడినట్లు, ఆ రాష్ట్రాల్లో ప్రచారం మీద తక్కువ దృష్టి పెట్టినట్లు దాని సొంత పత్రాలే చెబుతున్నాయి. 2022లో వెలువడిన ఒక ఆర్థిక పరిశోధన ఆ ఐదు రాష్ట్రాలను మిగతా రాష్ట్రాలతో పోల్చి చూసింది. ఆ మాత్ర వచ్చాక మిగతా రాష్ట్రాల్లో చావులు చాలా వేగంగా పెరిగాయి. మూడు ప్రతుల పద్ధతి రద్దయిన తర్వాత కూడా ఆ తేడా ఏళ్ల తరబడి నిలిచింది.

ఇల్లినాయ్ డాక్టరు వెస్ట్ వర్జీనియా డాక్టరుకన్నా భక్తిపరుడనుకుందామా? లేదు. తేడా ఒక్కటే. ఇక్కడి డాక్టరుకు తాను రాసింది మరొకరి కంటబడుతుందన్న స్పృహ ఉంది. "నేను చేసింది నమోదవుతోంది, దీన్ని ఒకరు చూస్తారు" అన్న ఒక్క భావన కలాన్ని క్షణకాలం ఆపింది. ఆ క్షణకాలపు ఆలోచనే వేల ప్రాణాలను కాపాడింది.

మనం ఏ కర్మా వృధాగా పోదనీ, ప్రతి చిన్న పనీ లిఖించబడుతుందనీ విశ్వసించే వాళ్లం. మరి ఆ మూడో ప్రతి పైలోకంలో భద్రంగా ఉందని నమ్మే మనిషికి ప్రభుత్వ కాగితం అవసరమేముంది? దైవభీతి అంటే ఇదే కదా! ఎవరూ చూడనప్పుడు కూడా చూస్తున్నవాడున్నాడని గుర్తుంచుకోవడం. అయితే మనుషులందరిలో ఆ భీతి సమంగా ఉండదు. అందువల్లనే సమాజానికి కాగితమూ కావాలి, కాపలా కూడా కావాలి.

పదిమందిలో ఒకడు

మద్యం విషయంలో దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) పదిమందిని శపించినట్లు తిర్మిజీ హదీసు సంకలనంలో ఉల్లేఖనం ఉంది. దాన్ని పిండేవాడు, పిండించుకునేవాడు, మోసుకెళ్లేవాడు, ఎవరి కోసం మోస్తారో వాడు, పోసి ఇచ్చేవాడు, అమ్మేవాడు, దాని ధర తినేవాడు, కొనేవాడు, ఎవరి కోసం కొంటారో వాడు. తాగేవాడు ఈ పదిమందిలో ఒకడు మాత్రమే! మనం మాత్రం తొమ్మిది మందిని వదిలేసి ఆ ఒక్కడి మీదే వేలెత్తి చూపుతాం. అతడు మన కంటికి కనిపిస్తాడు గనక. బజారులో పడి ఉంటాడు గనక. మిగతావాళ్లు శుభ్రమైన బట్టలు వేసుకుని ఆఫీసుల్లో కూర్చుంటారు.

నొప్పికి ఇచ్చే మందు, మద్యం ఒకటి కావు. కేన్సర్ రోగికి, శస్త్రచికిత్స జరిగినవానికి ఇలాంటి మందులు అవసరం. అవసరానికి ఇవ్వడం కరుణ. కాని అవసరాన్ని దాటి, లాభం కోసం పంచినప్పుడు అక్కడ కూడా ఇదే గొలుసు కనిపిస్తుంది.

1980లో ఒక ప్రముఖ వైద్య పత్రికలో ఐదు వాక్యాల ఉత్తరం ఒకటి అచ్చయింది. ఆసుపత్రిలో ఉండగా ఈ జాతి మందులు తీసుకున్న దాదాపు 12 వేల మంది రోగుల్లో నలుగురే అలవాటు పడ్డారని దాని సారాంశం. ఆసుపత్రి మంచం మీద నర్సు చేతితో ఇచ్చిన మందు గురించిన మాట అది. ఇంటికి తీసుకెళ్లి నెలల తరబడి మింగే మాత్రల గురించి కాదు. అయినా ఆ ఉత్తరాన్ని వందల వ్యాసాల్లో ఉదహరించారు. చాలామంది అందులో ఏముందో సరిచూడకుండానే "అలవాటు పడేవాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరు" అని చెప్పుకుంటూ పోయారు. ఒక ఉల్లేఖనాన్ని స్వీకరించే ముందు చెప్పినవాడెవరో, విన్నవాడెవరో గొలుసు గొలుసంతా పరీక్షించిన హదీసువేత్తల సంప్రదాయం మనది. సరిచూడకుండా ఒక మాటను ముందుకు నెట్టడం ఎంతటి అనర్థమో మనకు వేరే చెప్పాలా?

ఆ తర్వాత పంపిణీదారులు. వెస్ట్ వర్జీనియాలో కెర్మిట్ అనే ఊరుంది. జనాభా సుమారు 400. అక్కడి ఒక్క మందుల షాపుకు రెండేళ్లలో దాదాపు 90 లక్షల మాత్రలు చేరాయి! 2007 నుంచి 2012 వరకు ఆరేళ్లలో రాష్ట్రం మొత్తానికి వచ్చినవి 78 కోట్ల మాత్రలు. పసిపిల్లతో సహా ప్రతి ఒక్కరికీ 433 చొప్పున! అదే కాలంలో ఆ మాత్రల వల్ల 1,728 మంది చనిపోయారు. ఎరిక్ ఐర్ అనే స్థానిక పాత్రికేయుడు ఈ లెక్కలు బయటపెట్టి 2017లో పులిట్జర్ బహుమతి పొందాడు.

ఆ పెట్టెలు తమంతట తాము నడిచి రాలేదు. ఎవరో ఆర్డరు రాశారు. ఎవరో లెక్క కట్టారు. ఎవరో లారీలోకి ఎక్కించారు. ఎవరో సంతకం చేసి దించుకున్నారు. "నాలుగు వందల మంది ఉన్న ఊరికి ఇన్ని మాత్రలెందుకు?" అని అడగవలసినవాళ్లు అడగలేదు. ప్రతి ఒక్కరూ "నా పని నేను చేశాను" అనుకున్నారు. పర్డ్యూ సంబంధిత సంస్థ తన మందు గురించి జనాన్ని తప్పుదారి పట్టించినట్లు 2007లో కోర్టులో నేరం ఒప్పుకుంది. 2020లో ఆ కంపెనీ మరోసారి నేరాలు ఒప్పుకుంది. జరిమానాలు పడ్డాయి. పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు.

పదిమంది కలిసి ఒక బండను మోస్తే ఒక్కొక్కరి మీద పదో వంతు బరువు పడుతుంది. పాపం అలాంటి బరువు కాదు. పంచుకున్నకొద్దీ తగ్గదు. గొలుసులోని ప్రతి ఒక్కరూ తన మేరకు పూర్తిగా జవాబుదారే.

మరి వాడినవాడు నిర్దోషా?

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. "తప్పంతా సరుకుదీ, కంపెనీదీ అయితే వాడినవాడు ఏ పాపం ఎరుగనివాడన్నమాట! ఈ వాదన మనిషిని గాలికి కొట్టుకుపోయే ఆకును చేసెయ్యదా?"

చెయ్యదు. కెర్మిట్ వంటి ఊళ్లలో కూడా అందరూ అలవాటు పడలేదు. పడినవారిలో ఎందరో బయటపడ్డారు. ఎంచుకునే శక్తి మనిషిలో ఉందనడానికి అదే రుజువు. మొదటి తప్పటడుగు వేసినవాడు, సహాయం అందుబాటులో ఉండీ చెయ్యి చాచనివాడు దానికి జవాబు చెప్పుకోవలసిందే.

అయితే అందరి మొదటి అడుగూ ఒకటి కాదు. గనిలో వెన్ను దెబ్బతిని, డాక్టరు రాసిచ్చిన మాత్రను నమ్మకంగా మింగినవాడున్నాడు. సరదా కోసం మొదలుపెట్టినవాడున్నాడు. బయటినుంచి చూస్తే ఇద్దరి శవాలూ ఒకలాగే ఉంటాయి. లోపలి సంకల్పం తెలిసినవాడు అల్లాహ్ ఒక్కడే. పటం మనకు చెప్పేది ఎవరు ఎంత దోషి అన్న తీర్పు కాదు. ఆ తీర్పు మన చేతిలో లేదన్న సంగతి. మన చేతిలో ఉన్నది ఆ గొలుసులో మన స్థానం ఏమిటో చూసుకోవడం.

తలుపు మూస్తే చాలునా?

2010లో ఆ కంపెనీ తన మాత్రను నలగ్గొట్టి పొడి చేయడానికి వీలులేకుండా మార్చింది. చూడటానికి ఇది మంచి పనే. కాని అప్పటికే బానిసలైనవారి సంగతి ఎవరూ ఆలోచించలేదు. వాళ్లు హెరాయిన్ వైపు మళ్లారు. ఆ మాత్ర దుర్వినియోగం ఎక్కువగా ఉండిన రాష్ట్రాల్లోనే తర్వాత హెరాయిన్ మరణాలు ఎక్కువగా పెరిగాయని పరిశోధకులు చూపించారు. కొందరు డాక్టర్లు భయపడి ఏళ్ల తరబడి వాడుతున్న రోగులకు మందు ఒక్కసారిగా ఆపేశారు. అలా ఆపడం ప్రమాదకరమని 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థే హెచ్చరించవలసి వచ్చింది.

ఇలాంటిదే మన దగ్గరా జరిగింది. తెలంగాణలో కల్లులో అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలపడం పాత జాడ్యం. 2015లో ప్రభుత్వం దాన్ని కట్టడి చేసినప్పుడు నిజామాబాద్ తదితర జిల్లాల్లో ఆ కల్లుకు అలవాటుపడ్డ పేదలు వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో కొట్టుకుంటూ ఆసుపత్రుల పాలయ్యారు. కల్తీని ఆపడం తప్పు కాదు. ఆపిన రోజున వాళ్ల కోసం మంచం, మందు, డాక్టరు సిద్ధంగా లేకపోవడం తప్పు.

మదీనాలో మద్యనిషేధం ఒక్క రోజులో రాలేదన్నది మనకు తెలిసిందే. ముందుగా దాని కీడు మేలుకన్నా పెద్దదని హృదయాలకు నచ్చజెప్పడం జరిగింది. తర్వాత నమాజు వేళ మత్తు కూడదన్న ఆజ్ఞ వచ్చింది. చివరకు సంపూర్ణ నిషేధం. అప్పుడు జనం తమంతట తామే కుండలు పగలగొట్టారు. వీధుల్లో మద్యం ప్రవహించింది. మనుషులను వెంటబెట్టుకుని నడిచిన సంస్కరణ అది.

చావబోయేవాణ్ని బతికించాలా?

నాలక్సోన్ అనే మందు ఉంది. నల్లమందు జాతి మత్తు మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్నవానికి ముక్కులో కొడితే నిమిషాల్లో ఊపిరి తిరిగి వస్తుంది. 2023లో అమెరికాలో దీన్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించారు. 2024లో మరణాలు తగ్గడానికి చెబుతున్న కారణాల్లో ఇది కూడా ఒకటి. అయినా కొందరంటారు: "ఇలా బతికిస్తూ పోతే వాళ్లు మళ్లీ అదే పని చేస్తారు. ఇది పాపాన్ని ప్రోత్సహించడమే!"

ఈ మాట అనేవారు ఒక్క విషయం మరచిపోతున్నారు. పశ్చాత్తాప ద్వారం బతికి ఉన్నవానికే తెరచి ఉంటుంది. తౌబా చేసుకోవడానికి ఊపిరి కావాలి. చచ్చినవాడు మారడు. ఈరోజు మనం బతికించినవాడు రేపు మళ్లీ పడవచ్చు. ఎల్లుండి లేవవచ్చు కూడా. అతనికి ఆ ఎల్లుండి లేకుండా చేసే హక్కు మనకెవరిచ్చారు? పాపాన్ని అసహ్యించుకోవడం వేరు, పాపి చావును కోరుకోవడం వేరు.

మన మాటేమిటి?

"ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు?" అనుకోకండి. ఆ గొలుసు సముద్రాలు దాటి వస్తుంది. 2025 మార్చిలో హైదరాబాదుకు చెందిన ఒక రసాయనాల తయారీ సంస్థపై, దాని ఉద్యోగులపై, ఫెంటానిల్ తయారీకి పనికివచ్చే రసాయనాన్ని సరఫరా చేశారంటూ అమెరికా ప్రభుత్వం అభియోగం మోపింది. అభియోగం వేరు, నిరూపణ వేరు. నిజమేదో తేల్చవలసింది న్యాయస్థానం. కాని మందుల పరిశ్రమకు పేరుపడ్డ నగరంలో బతికే మనల్ని ఆ వార్త ఒక ప్రశ్న అడుగుతుంది. డ్రమ్ములో ఏముందో, అది ఎక్కడికి వెళుతోందో తెలిసీ చీటీ అంటించే చెయ్యి రేపు మన ఇంటివాడిదే అయితే?

మన పిల్లలు డాక్టర్లవుతున్నారు. ఫార్మసీ చదువుతున్నారు. మందుల కంపెనీల ప్రతినిధులుగా ఊళ్లు తిరుగుతున్నారు. వారికి నమాజు, రోజా నేర్పినంత శ్రద్ధగా ఈ మాట కూడా నేర్పండి: నీ సంతకం ఎక్కడికి పోతుందో చూసుకో. చీటీ లేకుండా నిద్రమాత్ర ఇచ్చిన షాపువాడు, కమీషన్ కోసం అవసరం లేని మందు రాసిన డాక్టరు, "అందరూ చేస్తున్నదే కదా" అని లెక్క రాసిన గుమాస్తా - వీళ్లెవరూ తమ చేతితో ఎవరినీ చంపలేదు. అయినా ఎక్కడో ఒక పటంలో ఒక ఊరు ముదురు రంగుకు మారినప్పుడు, ఆ రంగులో వారి కలం సిరా కూడా కలిసి ఉంటుంది.

ఈసారి మీ వీధిలో మత్తులో పడి ఉన్న మనిషి కనిపిస్తే, తీర్పు చెప్పే ముందు ఒక్కసారి ఆగండి. ఆ పదిమందిలో మిగతా తొమ్మిది మంది ఎక్కడున్నారో వెతకండి. ఆ తొమ్మిది మందిలో మనం లేకుండా చూసుకోవడం మన మొదటి బాధ్యత. పడినవాణ్ని లేపడం రెండో బాధ్యత.

అల్లాహ్ మనకు ధర్మసమ్మతమైన జీవనోపాధిని, మన చేతి రాతకు జవాబు చెప్పుకోగల స్థైర్యాన్ని, పడిపోయినవారి పట్ల కరుణను ప్రసాదించుగాక! ఆమీన్.